సంఘం పుస్తకం వెనక పేజీలు: సంతానలేమి, అప్పు, కులం

ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక మాదిగవాడ. మేము ఆడవాళ్ల ఆరోగ్య ఖర్చుల గురించి అడుగుతూ తిరుగుతున్నప్పుడు ఒక అక్క డ్వాక్రా సంఘం నోటుబుక్కు తెచ్చి మా ముందు పెట్టింది. ముందు వైపు నుంచి పొదుపు లెక్కలు ఉన్నాయి. వెనక వైపు నుంచి ఆసుపత్రి లెక్కలు. నాలుగేళ్లవి. స్కానింగ్ 1,200. సూదులు 8,400. బస్సు 360. మళ్లీ సూదులు. ఒక చోట "బీటా" అని రాసి పక్కన టిక్కు కొట్టి ఉంది. రెండు పేజీల తర్వాత అదే మాట మీద అడ్డగీత. అన్నీ కూడితే 4 లక్షల 60 వేలు దాటింది. వడ్డీ అందులో లేదు. వడ్డీ రాస్తే భయమైతదని రాయలేదట.

"పైసలు పోయినయని కాదు చెల్లే. ఇంకెన్నిసార్లు పోవాల్నో ఎవ్వరు చెప్పరు. అది పానం తీస్తది" అంది.

ఆమె పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. ఆ పుస్తకం వెనక పేజీలను అర్థం చేసుకోవడానికి మాకు కొన్ని నెలలు పట్టింది. అందులో ఉన్న పరీక్షల పేర్లు మాకు కొత్త. ఆ అప్పుల పద్ధతి మాత్రం మా ఇళ్లలో చూసినదే. ఈ రెంటినీ కలిపి చెప్పే వ్యాసం మాకు ఎక్కడా దొరకలేదు. వైద్యం గురించి రాసేవాళ్లు కులం ఊసెత్తరు. కులం గురించి రాసే మనం పిల్లలు పుట్టకపోవడాన్ని ఆస్తి, వంశం ఉన్నవాళ్ల బాధగా వదిలేశాం.

మొదట ఆ వదిలేయడం సంగతే మాట్లాడాలి. ఒక విద్యార్థి సంఘం సమావేశంలో ఈ విషయం ఎత్తితే ఒక మిత్రుడు అన్నాడు: "రక్తహీనతతో బాలింతలు చనిపోతుంటే మనం ఐవీఎఫ్ గురించి మాట్లాడాలా? దత్తత తీసుకోవచ్చు కదా?" చెడ్డ మనసుతో అన్నది కాదు. అయితే ఈ ప్రశ్న పిల్లలు కావాలనుకునే సవర్ణ దంపతుల్ని ఎవరూ అడగరు. పేదవాళ్ల పిల్లల కోరికకే సంజాయిషీ కావాలి. మా వాడల్లో పెళ్లయి మూడేళ్లు దాటిన ఆడమనిషిని గొడ్రాలు అనడానికి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. శ్రీమంతానికి పిలవరు, తొట్టెల ఫంక్షన్‌లో బిడ్డను చేతికివ్వరు, పొద్దున్నే ఎదురొస్తే పక్కకు తప్పుకుంటారు. అంటరానితనం అంటే ఏమిటో తెలిసినవాళ్లమే మన ఇంట్లో మరో అంటరానితనాన్ని పాటిస్తున్నాం. మొగుడు రెండో పెళ్లి చేసుకుంటాడనే భయం ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది. అటువంటి చోట చికిత్స విలాసం కాదు. చాలామందికి అది కాపురం నిలుపుకునే ఖర్చు.

ఏడాది పాటు ఏ గర్భనిరోధకమూ లేకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ప్రపంచంలో దాదాపు ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిస్థితిని ఎదుర్కొంటారని ఆ సంస్థ 2023లో లెక్క చెప్పింది. ధనిక దేశాలు, పేద దేశాల మధ్య ఈ లెక్కలో పెద్ద తేడా లేదు. చికిత్సకు జేబులోంచి పెట్టే ఖర్చులో ఉంది తేడా అంతా.

మన దగ్గర కారణాలు ఎక్కడ మొదలవుతాయి

గర్భం నిలవకపోవడానికి కారణాలు అన్ని కులాల్లోనూ ఉంటాయి. అండం సరిగా విడుదల కాకపోవడం, వీర్యకణాలు తక్కువగా ఉండటం, ఎండోమెట్రియోసిస్, వయసు. ఇవి ఎవరినీ కులం అడిగి రావు. కొన్ని కారణాలు మాత్రం మనిషి ఉండే ఇంటిని, చేసే పనిని, వెళ్లే ఆసుపత్రిని బట్టి వస్తాయి.

క్షయ సంగతి చూడండి. టీబీ అనగానే ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. అది రక్తం ద్వారా గర్భాశయ అవయవాలకూ పాకుతుంది. అలా పాకినప్పుడు ముందుగా దెబ్బతినేవి అండవాహికలు, అంటే మనవాళ్లు ట్యూబులు అనేవి. దగ్గు ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా ట్యూబులు మూసుకుపోతాయి. పిల్లలు కలగడం లేదని పరీక్షకు వెళ్లినప్పుడే బయటపడుతుంది. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లలో, గాలి ఆడని చోట, తిండి చాలని ఒళ్లలో టీబీ ఎక్కువ. ఆ ఇళ్లు ఎవరివో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కానీ ఆ మందులు వాడి జబ్బు తగ్గినా, అప్పటికే పాడైన ట్యూబులు చాలాసార్లు బాగుపడవు. అప్పుడు మిగిలే దారి ఐవీఎఫ్. అది ఉచితం కాదు. పేదరికం తెచ్చిన జబ్బుకు మందు ప్రభుత్వానిది, ఆ జబ్బు మిగిల్చిన నష్టం మాత్రం మనది.

దీనికి మరో వైపు కూడా ఉంది. కొన్ని చోట్ల ఒక్క పీసీఆర్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని ఆరు నెలల టీబీ మందులు మొదలుపెడతారు. ఆ పరీక్ష ఒక్కదాని మీదే ఆధారపడితే లేని జబ్బు ఉన్నట్టు తేలే అవకాశం ఉంది. మిగతా పరీక్షలు, లక్షణాలు కలిపి చూశారా అని అడగడం మన హక్కు.

కాన్పు తర్వాత, గర్భస్రావం తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లకు సరైన సమయంలో మందు పడకపోయినా ట్యూబులు పాడవుతాయి. మొదటి బిడ్డ పుట్టి, తర్వాత గర్భం రానివాళ్లలో ఈ కథ తరచూ వినపడుతుంది. మగవాళ్ల వైపు చూస్తే, ఇటుక బట్టీల దగ్గర, బాయిలర్ల దగ్గర ఏళ్ల తరబడి వేడిలో పని చేయడం, రక్షణ ఏమీ లేకుండా పురుగుమందులు కొట్టడం వీర్యకణాలను దెబ్బతీయగలవు. పత్తి చేలల్లో వీపు మీద స్ప్రేయర్ మోసేది ఎవరో కూడా మనకు తెలుసు.

ఇక గర్భసంచి ఆపరేషన్లు, ట్యూబెక్టమీలు. ఇవి వైద్య పుస్తకాల్లో సంతానలేమి కారణాల జాబితాలో కనపడవు. మా ఫీల్డ్‌వర్క్‌లో మాత్రం పదేపదే ఎదురయ్యాయి. గర్భసంచి తీసేసిన స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెల్లబట్ట అవుతుందని వెళితే, క్యాన్సర్ వస్తుందని భయపెట్టి ముప్పై ఏళ్లు నిండకుండానే గర్భసంచి తీసేసిన ఉదాహరణలు కూలి కుటుంబాల్లో కోకొల్లలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అంతే. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయ్యింది. ఇరవై రెండేళ్లకు ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. తర్వాత ఒక బిడ్డ నీటి గుంటలో పడి పోయినా, జ్వరమొచ్చి పోయినా, ఆ తల్లి మళ్లీ గర్భం దాల్చాలంటే ట్యూబులు తిరిగి కలిపే శస్త్రచికిత్స చేయించుకోవాలి. అది అందరికీ ఫలించదు, అన్ని ఆసుపత్రుల్లో చేయరు. 2004 సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు తమిళనాడు ప్రభుత్వం ఆ శస్త్రచికిత్స ఉచితంగా చేయించింది. సునామీ టీవీలో కనపడింది కాబట్టి చేసింది. వాడలో ఒక్కొక్కరుగా పోయే పిల్లలు ఏ టీవీలోనూ కనపడరు.

ఒక ప్రయత్నం అంటే ఏమిటి, ఎంత

అందరికీ ఐవీఎఫ్ అవసరం లేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే హోర్డింగులు చూస్తే పిల్లలు లేకపోతే తిన్నగా ఐవీఎఫ్‌కే వెళ్లాలన్నట్టు ఉంటుంది. అండం విడుదల కాకపోవడమే సమస్య అయితే లెట్రోజోల్ వంటి మాత్రలతోనే చాలామందికి గర్భం వస్తుంది. అవి చవకైన మాత్రలు. (ఈ మందును సంతానలేమికి వాడకుండా 2011లో మన దేశంలో నిషేధించి, 2017లో నిషేధం ఎత్తేశారు. ఆ మధ్యలో చికిత్సకు వెళ్లినవాళ్లకు డాక్టరు వేరే మందు రాసి ఉంటే కారణం అదే కావచ్చు.) తర్వాతి మెట్టు ఐయూఐ. శుద్ధి చేసిన వీర్యాన్ని సన్నని గొట్టంతో గర్భాశయంలోకి పంపుతారు. పదిసార్లు చేస్తే ఒకటి రెండుసార్లు ఫలిస్తుంది.

ఐవీఎఫ్‌లో పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు పెరిగేలా చేస్తారు. మధ్యమధ్య స్కానింగులు. మత్తు ఇచ్చి అండాలు తీస్తారు. ల్యాబులో వీర్యంతో కలిపి, మూడు నుంచి ఐదు రోజులు పెంచిన పిండాన్ని గర్భాశయంలో పెడతారు. రెండు వారాల తర్వాత రక్తపరీక్ష. ఆ పరీక్షే నోటుబుక్కులోని "బీటా". ఆ రెండు వారాల గురించి ఎవరిని అడిగినా ఒకటే చెప్పారు. బరువు ఎత్తొద్దని పనికి వెళ్లరు. పనికి వెళ్లకపోతే వాడంతా అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఒకామె ఆ రెండు వారాలూ జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకుందట.

హైదరాబాద్ ప్రైవేటు సెంటర్లలో ఒక ప్రయత్నానికి ఇంచుమించు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు అవుతుంది. బోర్డు మీద ఉండే ప్యాకేజీ ధరలో ఇంజెక్షన్లు కలవకపోవచ్చు. పిండాలను ఫ్రీజ్ చేస్తే దానికి వేరే, ఏడాదికోసారి దాచిన అద్దె వేరే, మళ్లీ పెట్టేటప్పుడు వేరే. రెండు లక్షలే అనుకుందాం. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. రెండు లక్షలు రావాలంటే 651 రోజుల పని. ఏడాదికి వంద రోజుల లెక్కన ఆరున్నరేళ్లు, ఒక్క రూపాయి కూడా తినకుండా. ఆ ఆరున్నరేళ్లలో ఆమె వయసు ఆగదు. ఈ చికిత్సలో ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తేల్చేది స్త్రీ వయసే. కూడబెట్టుకుని వెళదామంటే కాలం పోతుంది. అప్పు చేసి వెళితే వడ్డీ పెరుగుతుంది.

అప్పు ఎక్కడ పుడుతుందన్నది కూడా కులమే తేలుస్తుంది. పట్టా భూమి ఉన్నవాళ్లు ఎకరం అమ్ముతారు, తాకట్టు పెడతారు. మనకున్నది ఎక్కువగా అసైన్డ్ భూమి. తెలంగాణలో 1977 చట్టం ప్రకారం అది అమ్మడానికి లేదు. ఆ చట్టం మన భూమిని కాపాడటానికే వచ్చింది, దాన్ని తప్పు పట్టడం లేదు. ఆపదలో అది డబ్బుగా మారదన్నదే ఇక్కడి సంగతి. కాబట్టి మొదట సంఘం లోను, తర్వాత మైక్రోఫైనాన్స్, తర్వాత పుస్తెలతాడు, ఆఖరికి నూటికి మూడు రూపాయల వడ్డీ. రెండు లక్షల మీద అది నెలకు 6,000. ఏడాదికి 72,000. చికిత్స విఫలమైనా వడ్డీ ఆగదు. సంఘం లోను కుట్టుమిషనుకని చెప్పి తీసుకుంటారు. పిల్లల కోసమని పది మందిలో చెప్పలేరు కదా. వాయిదా తప్పితే పది మందీ ఇంటి ముందుకొస్తారు. అప్పుడు అందరికీ తెలుస్తుంది.

ఈ ఖర్చు ఏ పథకమూ భరించదు. ఆయుష్మాన్ భారత్ సంతాన చికిత్సలను స్పష్టంగా మినహాయించింది. ఆరోగ్యశ్రీలోనూ ఐవీఎఫ్ లేదు. గుండెకు ఉంది, కిడ్నీకి ఉంది, గర్భసంచి తీయడానికి కూడా ఉంది.

వాళ్లు చెప్పే శాతం దేని శాతం

"మా సక్సెస్ రేటు 70 శాతం" అని ఒక సెంటర్ వాళ్లు అక్కకు చెప్పారట. సక్సెస్ అంటే బిడ్డ పుట్టడం అనుకుంది. వాళ్ల ఉద్దేశం వేరు. బీటా పాజిటివ్ వస్తే చాలు, వాళ్ల లెక్కలో అది సక్సెస్. ఆమెకు ఒకసారి పాజిటివ్ వచ్చింది, ఆరో వారంలో పోయింది. ఆ ఇంట్లో ఒక మరణం జరిగింది. ఆ సెంటర్ లెక్కలో మాత్రం ఆమె గెలిచినవాళ్లలో ఉంది.

లెక్కలో కింద అంకె ఏమిటన్నది కూడా చూడాలి. చికిత్స మొదలుపెట్టిన ప్రతి వందమందిలో ఎందరికి బిడ్డ పుట్టిందన్నది ఒక లెక్క. పిండం పెట్టేదాకా వచ్చిన వందమందిలో ఎందరికి అన్నది మరో లెక్క. అండాలు రానివాళ్లు, పిండం పెరగనివాళ్లు ఈ రెండో లెక్కలోంచి మాయమవుతారు, శాతం పెరుగుతుంది. అండదాత అండాలతో చేసిన కేసులు కలిపితే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే దాతలు చిన్న వయసువాళ్లు. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఒక్కో సెంటర్ ఫలితాలను అందరూ చూసేలా ప్రచురిస్తుంది. ఆ సంస్థ లెక్కల ప్రకారం 2019లో 35 ఏళ్లలోపు స్త్రీలకు పెట్టిన ప్రతి వంద పిండాల్లో 32 బిడ్డలయ్యాయి. 43 దాటినవాళ్లకు ఐదు కూడా కాలేదు. అంత పకడ్బందీ వ్యవస్థ ఉన్న చోట, చిన్న వయసులో, మూడింట ఒక వంతు. 70 శాతం అని ఎవరైనా చెబితే ఈ అంకెను పక్కన పెట్టుకుని వినాలి.

మూడుసార్లు చేస్తే గ్యారంటీ అని కూడా అంటారు. ఒక్కోసారి 30 శాతం అవకాశం ఉందనుకుంటే, మూడుసార్లలో ఒకసారైనా ఫలించే అవకాశం 66 శాతం దగ్గరకు వస్తుంది. అంటే ఆరు లక్షలు పెట్టిన ముగ్గురిలో ఒకరు ఖాళీ చేతులతో ఇంటికి పోతారు. పైగా మొదటి రెండుసార్లు ఫలించనివాళ్లకు మూడోసారి అవకాశం సాధారణంగా ఇంకా తక్కువ. లాటరీ టికెట్టు కొనేవాడికి కూడా టికెట్ల సంఖ్య తెలుస్తుంది. మనవాళ్లకు ఆ సంఖ్య చెప్పకుండానే సంతకం పెట్టిస్తున్నారు, అదీ ఇంగ్లిషు కాగితం మీద.

2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రతి సెంటర్ నమోదై ఉండాలి. చికిత్స ఫలించే అవకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, ప్రమాదాలు అన్నీ దంపతులకు వివరించి కౌన్సెలింగ్ ఇవ్వాలి. దత్తత దారి ఉందని కూడా చెప్పాలి. రాతపూర్వక సమ్మతి లేకుండా ఏదీ చేయకూడదు. ప్రతి సెంటర్‌లో ఫిర్యాదుల విభాగం ఉండాలి. మేము మాట్లాడినవాళ్లలో ఫిర్యాదుల విభాగం అనే మాట విన్నవాళ్లు ఒక్కరూ లేరు. డాక్టరుతో మాట్లాడే సమయం ఐదు నిమిషాలు. మిగతాదంతా కౌంటర్ దగ్గర ప్యాకేజీలు వివరించే అమ్మాయితోనే. ఆ అమ్మాయి కూడా మన వాడల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లే కావచ్చు, ఆమెకు టార్గెట్ ఉంటుంది.

ఎవరి అండం, ఎవరి కడుపు

ఈ రంగంలో మనవాళ్లు రెండు వైపులా ఉన్నారు. చికిత్స కొనలేనివాళ్లుగా ఒక వైపు, ముడిసరుకుగా మరో వైపు. అప్పులు తీర్చడానికి అండాలు ఇచ్చిన స్త్రీలు బస్తీల్లో ఉన్నారు. చట్టం ప్రకారం అండదాతకు 23 నుంచి 35 ఏళ్లు ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. ఆమెకు ఏడాది పాటు బీమా చేయించాలి. ఇవన్నీ ఎందుకంటే, ఆ ఇంజెక్షన్లు మోతాదు మించితే అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి ప్రాణం మీదకు రావచ్చు. ఏజెంట్లు బస్తీలో ఈ సంగతి చెప్పరు.

2025 జులైలో సికింద్రాబాద్‌లోని ఒక సెంటర్ మీద పోలీసులు పెట్టిన కేసు గుర్తుండే ఉంటుంది. రాజస్థాన్‌కు చెందిన దంపతులకు సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డ అని ఒక శిశువును ఇచ్చారు. డీఎన్ఏ కలవలేదు. దంపతుల దగ్గర తీసుకున్నది 35 లక్షలకు పైగా అని, ఆ బిడ్డను కన్న అస్సాం పేద దంపతులకు ఇచ్చింది 90 వేలని పోలీసులు చెప్పారు. న్యాయస్థానం ఏం తేలుస్తుందో అది తేలుస్తుంది. పత్రికలన్నీ మోసపోయిన దంపతుల గురించి రాశాయి, రాయాల్సిందే. 90 వేలకు బిడ్డను ఇచ్చే స్థితి ఎలా వస్తుందని రాసినవాళ్లు తక్కువ.

దాతల దగ్గర కులం అడగడం గురించి కూడా ఒక మాట. తెల్లగా ఉండాలి, మా కులమే కావాలి అని అడిగే దంపతులు ఉన్నారని, అలా వెతికిపెట్టే బ్యాంకులు ఉన్నాయని ఎన్నోసార్లు వార్తలొచ్చాయి. కులానికి జన్యువు లేదు. గాజు గిన్నెలో ఉన్న కణానికి కూడా కులం అంటగట్టగల సమాజం మనది. కడుపులో మోయడానికి, అండం ఇవ్వడానికి ఒప్పుకున్న అవసరమే, అండాన్ని ఎంచుకునే దగ్గర మాత్రం గోత్రం అడుగుతుంది.

కనకూడదన్న హక్కు, కనే హక్కు

1938 నవంబరులో బొంబాయి శాసనసభలో అంబేద్కర్ నాయకత్వంలోని ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సంతాన నియంత్రణకు అనుకూలంగా తీర్మానం తెచ్చింది. వరస కాన్పులతో స్త్రీలు చితికిపోవడం ఆయనకు పుస్తకాల్లో చదివిన విషయం కాదు. ఆయనా రమాబాయీ ఐదుగురు పిల్లల్లో నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. రాజరత్న పోయింది 1926లో. స్త్రీ ఒంటి మీద నిర్ణయం స్త్రీదేనన్న వాదన, బిడ్డలు పోయిన దుఃఖం ఒకే ఇంట్లో ఉన్నాయి. మన ఉద్యమం మొదటిదాన్ని గుర్తుపెట్టుకుంది. రెండోదాన్ని రమాబాయి త్యాగం అని చెప్పి అక్కడితో ఆపేసింది.

1994లో అమెరికా నల్లజాతి స్త్రీలు షికాగోలో ఒకచోట చేరి పునరుత్పత్తి న్యాయం అనే మాటను ముందుకు తెచ్చారు. పిల్లల్ని కనకుండా ఉండే హక్కు, కనే హక్కు, కన్న పిల్లల్ని భద్రంగా పెంచుకునే హక్కు, ఈ మూడూ విడదీయరానివన్నారు. గర్భస్రావ హక్కు కోసం పోరాడుతున్న తెల్లజాతి స్త్రీలకు, తమకు తెలియకుండానే ఆపరేషన్లు జరిగిన నల్లజాతి స్త్రీల అనుభవం పట్టలేదు కాబట్టి ఆ మాట అవసరమైంది. మన దగ్గరా అంతే. యాభై ఏళ్లు ప్రభుత్వానికి దళిత స్త్రీ గర్భం అంటే ఆపరేషన్ టార్గెట్. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 నుంచి ఉంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని ఎత్తేసింది. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. నిన్న ఆపమన్నది, నేడు కనమన్నది ఒకే ప్రభుత్వ యంత్రాంగం. కావాలనుకున్నా కలగనివాళ్ల మాట ఈ రెండు పిలుపుల్లోనూ లేదు.

ప్రభుత్వం తలచుకుంటే చేయలేనిది కాదు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ కేంద్రాన్ని 2023 అక్టోబరులో ప్రారంభించారు. గోవా ప్రభుత్వ వైద్య కళాశాలలో అదే ఏడాది ఉచిత సేవ మొదలైంది. రిబ్బన్ కత్తిరించడం తేలిక. ఈ కేంద్రం నడవాలంటే పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు రోజూ ఉండాలి, ఇంజెక్షన్లు స్టాకులో ఉండాలి, ల్యాబులో కరెంటు, గాలి శుభ్రత ఒక్క గంట తప్పకూడదు. కాబట్టి మన సంఘాలు అడగాల్సింది కేంద్రం ఉందా అని కాదు. ఈ నెల ఎందరికి పిండం పెట్టారు, ఎందరు వరసలో ఉన్నారు, ఇంజెక్షన్లు బయట కొనమంటున్నారా అని. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు. ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి దీనికి డబ్బు ఇవ్వాలని కొందరు మిత్రులు అంటున్నారు. మేము ఒప్పుకోం. ఆ నిధిని ఇప్పటికే అన్నిటికీ మళ్లిస్తున్నారు. ఇది సాధారణ ఆరోగ్య బడ్జెట్‌లోంచి, ఆరోగ్యశ్రీలోంచి రావాలి.

అప్పటిదాకా

పథకం వచ్చేదాకా వయసు ఆగదు కాబట్టి, మాతో మాట్లాడిన ఆడవాళ్లు తమకు ముందే తెలిసి ఉంటే బాగుండేదన్న కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

మొదటి పరీక్ష మగవాడికి చేయించాలి. వీర్యపరీక్ష అన్నిటికన్నా చవక, నొప్పి లేనిది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుంది. దంపతుల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా మేము చూసిన ఫైళ్లలో ఆమెకు ట్యూబుల పరీక్ష, ల్యాపరోస్కోపీ అయిపోయాక గానీ అతని పరీక్ష కాగితం కనపడలేదు. ఒక ఇంట్లో ఆ కాగితం రావడానికి ఐదేళ్లు పట్టింది. లోపం అతనిదని తేలాక, ఆ విషయం బయట చెప్పొద్దని అత్త ఆమె చేతే ఒట్టు వేయించుకుంది.

ప్రతి కాగితం జిరాక్స్ మన దగ్గరే ఉండాలి. సెంటర్ మారితే అన్ని పరీక్షలూ మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. ఏఎంహెచ్ వంటి పరీక్ష నెల తిరక్కుండా మళ్లీ ఎందుకని అడగాలి. ప్యాకేజీలో ఏముంది, ఏం లేదు అన్నది తెలుగులో రాసివ్వమనాలి. నా వయసు స్త్రీలలో, నా సొంత అండంతో, మొదలుపెట్టిన వందమందిలో ఎందరు బిడ్డను ఇంటికి తీసుకెళ్లారు అన్న ప్రశ్నను అలాగే, అదే మాటల్లో అడగాలి. గర్భాశయం లోపల గీరడం, ఫలానా డ్రిప్పు ఎక్కించడం వంటి అదనపు చికిత్సలు చెబితే అది లేకపోతే ఏమవుతుందని అడగాలి. ఇలాంటివాటిలో చాలావాటికి బిడ్డ పుట్టే అవకాశాన్ని పెంచుతాయన్న గట్టి రుజువు లేదు.

అన్నిటికన్నా కష్టమైనది ఎక్కడ ఆగాలో మొదలుపెట్టకముందే అనుకోవడం. ఇన్ని ప్రయత్నాలు, ఇంత డబ్బు, ఈ వస్తువు మాత్రం తాకట్టు పెట్టం అని ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవడం. ఒకసారి పోయాక ఆ దుఃఖంలో తీసుకునే నిర్ణయం వేరుగా ఉంటుంది. ఇంతదాకా వచ్చాం, ఇంకొక్కసారి అనిపిస్తుంది. సెంటర్ కూడా అదే అంటుంది. ఆగిపోవడాన్ని ఓటమిగా చూడని మనుషులు ఒకరిద్దరైనా చుట్టూ ఉండాలి. అది చెల్లెలు కావచ్చు, సంఘం లీడరు కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. మా అక్క విషయంలో ఆమె ఆడబిడ్డ. తన చిన్న కూతుర్ని సెలవుల్లో తెచ్చి వీళ్లింట్లోనే ఉంచుతుంది, ఎవరూ ఏమీ అనకుండా.

దత్తత కూడా దారే. అయితే కేంద్ర దత్తత వ్యవస్థ ద్వారా చట్టప్రకారం వెళ్లాలి. అందులో ఏళ్ల తరబడి నిరీక్షణ ఉంటుంది. ఆసుపత్రిలో ఎవరో బిడ్డను ఇప్పిస్తామంటే అది నేరం. దాని రెండో చివర మరో పేదరాలు ఉంటుంది.

మొన్న అక్కకు ఫోను చేస్తే నోటుబుక్కు నిండిపోయిందని చెప్పింది. సెంటర్‌లో ఆమె పిండాలు రెండు ఫ్రీజర్‌లో ఉన్నాయి. చట్టం ప్రకారం పదేళ్ల దాకా ఉంచవచ్చు, ఏటా అద్దె కట్టాలి. ఈ ఏడాది అద్దె గడువు గుర్తుచేస్తూ మెసేజ్ వచ్చిందట. ఇంగ్లిషులో. చదివి చెప్పమని మాకు పంపింది. చదివి చెప్పాం. పత్తి పైసలు వచ్చినంక చూస్తనని అంది.